విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: దూరం తక్కువున్న దారికే గంటలు ఎక్కువ ఎందుకు?

మాష్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బడిలో పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి కాబట్టి పద్ధతిగానే అడిగారు. విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 13,300 కి.మీ. అని నెట్‌లో ఉంది, విమానం గంటకి 900 పోతుంది, భాగిస్తే పద్నాలుగు ముప్పావు గంటలు రావాలి. కానీ అమ్మాయి పంపిన రెండు టికెట్లలో ఢిల్లీ మీదుగా అయితే 24 గంటలు, సింగపూర్ మీదుగా అయితే 22న్నర. మ్యాప్ మీద స్కేలు పెట్టి చూస్తే సింగపూర్ దారే బాగా దూరం. మరి దూరం ఎక్కువున్నదానికి గంటలు తక్కువ ఎలా, ఎక్కడో అచ్చుతప్పు ఉందా అని మీ అనుమానం.

అచ్చుతప్పు ఏమీ లేదు. నేను ఫ్లైట్ డిస్పాచ్‌లో 27 ఏళ్లు చేసి రిటైరై ఒడిశాలోని గుణుపురం వచ్చేశాను. డిస్పాచ్ అంటే విమానం బయల్దేరక ముందు ఏ దారిలో పోవాలి, ఏ ఎత్తులో పోవాలి, ఎంత ఇంధనం పోయాలి అని లెక్కగట్టి కెప్టెన్ చేతిలో పెట్టే పని. అన్నేళ్లలో డ్యూటీలో కూర్చున్న రోజు మేం ముందు తెరిచేది గాలి చార్టు. కిలోమీటర్ల సంగతి ఆ తర్వాత. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

ముందు ఆ 13,300 ఎక్కడిదో చూద్దాం. గోడకి వేలాడదీసే మ్యాప్ మీద స్కేలు పెడితే అది రాదు. బళ్లో గ్లోబు ఉంటే తెప్పించి, విశాఖ మీద ఒక వేలు, శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఒక వేలు ఉంచి, మధ్యలో దారం బిగించి లాగండి. తూర్పుగా పసిఫిక్ మీదుగా పోతుందనుకుంటాం కదా, పోదు. దారం దాదాపు ఉత్తరానికి లేస్తుంది. నేను ఒకరోజు కూర్చుని లెక్క వేస్తే నాకే నవ్వొచ్చింది, ఆ గీత విశాఖలో మొదలై సరిగ్గా మా గుణుపురం నెత్తి మీదుగా పోతుంది! అక్కణ్ణుంచి కాంచనజంగ పక్కగా టిబెట్, మంగోలియా, సైబీరియాలో యాకుట్స్క్ దగ్గర్లోంచి రష్యా తూర్పు కొసకి చేరి, 68 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా, అంటే ఆర్కిటిక్ వృత్తం దాటి, అలాస్కా మీదుగా కిందకి దిగుతుంది. భూమి గుండ్రం కాబట్టి అదే అతి దగ్గర దారి. మీరు చూసిన వెబ్‌సైట్లన్నీ చేసేది ఈ దారం కొలిచి 900తో భాగించడం, అంతే.

పైగా ఆ గీత మీద విశాఖ నుంచి గుణుపురం 164 కి.మీ. జెట్ విమానానికి 11 నిమిషాలు. నేను ఇంటి దగ్గర కారెక్కి పాలకొండ, విజయనగరం మీదుగా అదే విశాఖ ఎయిర్‌పోర్టుకి పోవాలంటే నాలుగున్నర గంటలు. పర్లాకిమిడి నుంచి మీకూ ఇంచుమించు అంతే పడుతుంది. మన ప్రయాణంలో ఈ ముక్కని ఏ వెబ్‌సైటూ కలపదు, మీరు కలుపుకోండి.

సరే, ఆ దారం దారిలో విమానం ఎందుకు పోదు? మొదటి అడ్డం టిబెట్. విమానం లోపల గాలి ఒత్తిడి పోతే పైన మాస్కులు పడతాయి కదా, అందులో ఆక్సిజన్ వచ్చేది పది, పదిహేను నిమిషాల చిల్లరే. ఆ లోపల విమానం 10,000 అడుగులకి, అంటే 3 కి.మీ. ఎత్తుకి దిగిపోవాలి. టిబెట్ పీఠభూమి నేలే సగటున నాలుగున్నర కి.మీ. ఎత్తు. దిగడానికి చోటేది? అందుకే వీలైనంత వరకు దాన్ని తప్పించి పోతారు, తప్పనిసరైతే పక్కకి జారుకునే దారులు ముందే గీసుకుని పోతారు. రెండోది దేశాల గొడవలు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం అమెరికా, యూరప్ ఎయిర్‌లైన్స్‌కి మూసుకుపోయింది, మనవాళ్లకి మూయలేదు. పాకిస్తాన్ 2019లో ఫిబ్రవరి నుంచి జూలై దాకా ఒకసారి మూసింది, 2025 ఏప్రిల్‌లో మన ఎయిర్‌లైన్స్‌కి మళ్లీ మూసింది. ఆ దెబ్బకి ఢిల్లీ నుంచి పడమటికి పోయేవి గుజరాత్, అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగాయి, అమెరికా పోయేవి కొన్ని ఇంధనం కోసం వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో దిగాల్సి వచ్చింది. భూమ్మీద దూరం మారలేదు, టికెట్ మీద గంటలు మారాయి.

ఇక అసలు విషయం, గాలి.

మనం ఎగిరే ఎత్తులో, 30 నుంచి 40 వేల అడుగుల మధ్య, పడమర నుంచి తూర్పుకి ఒక నదిలా గాలి పారుతుంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. వంశధార వరదలో పడవ వేశారనుకోండి, ప్రవాహం వాటంగా పోతే తెడ్డు వేయకపోయినా పోతుంది, ఎదురెక్కాలంటే చేతులు పడిపోతాయి. అదే ఇక్కడా. విమానం గాలిలో పోయే వేగం ఎప్పుడూ ఆ 900 చుట్టూనే ఉంటుంది, నేల మీద దాని నీడ పరిగెత్తే వేగం మాత్రం గాలిని బట్టి 750 కావచ్చు, 1,100 కావచ్చు. భూమధ్యరేఖ దగ్గర వేడి, ధ్రువం దగ్గర చలి, ఈ రెంటి తేడా వల్లే ఆ గాలి పుడుతుంది కాబట్టి చలికాలంలో తేడా పెరిగి గాలీ ఉధృతమవుతుంది. జపాన్ మీద చలికాలంలో గంటకి 300 కి.మీ. దాటడం మాకు మామూలు సంగతి.

చిన్న పిట్టకథ. ఈ గాలిని మొదట కొలిచి చెప్పినవాడు ఓయిషి అనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త, 1920లలో బెలూన్లు వదిలి కనిపెట్టాడు. పాపం ప్రపంచమంతా చదవాలని తన నివేదికని అన్ని దేశాలకీ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పరాంటో భాషలో అచ్చువేశాడు, అది చాలా కొద్దిమందికే వచ్చు కాబట్టి దాదాపు ఎవరూ చదవలేదు. 1944లో అమెరికా బాంబర్లు జపాన్ మీదకి వెళ్లి, ఎదురుగాలికి ఆకాశంలో దాదాపు నిలబడిపోయినట్టయి, అప్పుడు కళ్లు తెరిచారు.

గాలి దూరాన్ని ఎలా మింగేస్తుందో చెప్పడానికి నేను కొత్త కుర్రాళ్లకి ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణ మన ఎయిర్ ఇండియాదే. 2015 డిసెంబరులో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో నేరు విమానం మొదలైంది, మొదట్లో అట్లాంటిక్ వైపు నుంచి పోయేది, సుమారు 13,900 కి.మీ. పడమటికి పోవడం కాబట్టి చాలావరకు ఎదురుగాలి. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుగా పసిఫిక్ వైపు తిప్పారు. అటు దూరం సుమారు 15,300 కి.మీ. పద్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగి కూడా పద్నాలుగున్నర గంటల్లో దిగింది, పాత దారి కంటే ఇంచుమించు రెండు గంటలు ముందు! మీ ప్రశ్నకి జవాబు అప్పుడే దొరికిపోయింది.

ఇక్కడ చాలామంది అనే మాట ఒకటుంది, మీరూ అనే ఉంటారు: భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది కదా, విమానం పైకి లేస్తే కింద భూమి జరిగిపోతుంది, అందుకే తేడా అని. ఆ లెక్కన పడమటికి పోయేవాడికి లాభం రావాలి, జరిగేది తిరగబడి ఉంది! అసలు భూమితోపాటు గాలీ తిరుగుతోంది, గాలిలో ఉన్న విమానమూ తిరుగుతోంది. నౌపడ రైల్లో కూర్చుని రూపాయి బిళ్ల పైకి ఎగరేస్తే మీ చేతిలోనే పడుతుంది, వెనక పెట్టెలోకి పోదు కదా. తేడా అంతా ఆ పైన పారే గాలిదే. భూమి తిరగడం వల్లే ఆ గాలి తూర్పుకి మళ్లుతుంది అనే మాట నిజం, అది వేరే పాఠం.

ఇప్పుడు మీ రెండు టికెట్లని విప్పి చూద్దాం. విశాఖ–ఢిల్లీ 1,360 కి.మీ., ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో దారం దూరం 12,380, మొత్తం 13,740. సింగపూర్ దారిలో విశాఖ–సింగపూర్ 2,900 పైచిలుకు, సింగపూర్–శాన్‌ఫ్రాన్సిస్కో 13,590, మొత్తం 16,500. తేడా 2,760 కి.మీ., మీ లెక్కన మూడు గంటలు. కానీ మీరు పంపిన వివరాల్లో గాలిలో ఉండే సమయం మాత్రం కూడండి. ఢిల్లీ దారిలో 2 గంటల 20 నిమిషాలు ప్లస్ 16 గంటలు, 18:20 వచ్చింది. సింగపూర్ దారిలో 4 ప్లస్ పదిహేనున్నర, 19:30. అంటే మూడు గంటలు ఉండాల్సిన తేడా గంటా పది నిమిషాలకి వచ్చేసింది. మిగతాది ఒకపక్క పసిఫిక్ మీద వెనకగాలి తినేసింది, ఇంకోపక్క ఢిల్లీ నుంచి పోయేది మలుపులు తిరగడంలో పోయింది. ఇక మధ్యలో ఆగడం: ఢిల్లీలో అయిదున్నర గంటలు, సింగపూర్‌లో మూడు. అక్కడే సింగపూర్ ముందుకొచ్చేసింది. అంతే మాష్టారూ, మాయ లేదు.

వచ్చేటప్పుడు కథ తిరగబడుతుంది, ఇది అమ్మాయికి కూడా చెప్పండి. అదే సింగపూర్–శాన్‌ఫ్రాన్సిస్కో, అవే కిలోమీటర్లు, పోయేటప్పుడు 15 గంటల చిల్లర, తిరిగొచ్చేటప్పుడు 17 దాటుతుంది. గాలిని తప్పించుకోవడానికి పైలట్లు ఇంకా ఉత్తరంగా అల్యూషియన్ దీవుల వైపు పోతారు, అయినా పూర్తిగా తప్పదు. మీరు జనవరిలో తిరిగొస్తే జూలై కంటే ఎక్కువే పట్టొచ్చు. టికెట్ మీద వేసే సమయం ఆ సీజన్ మొత్తానికి సగటు చూసి, గేటు వదిలినప్పటి నుంచి గేటుకి చేరేదాకా, రెండు వైపులా నేల మీద పాకే అరగంట కూడా కలిపి వేస్తారు. అందుకే ఒక్కోసారి "గంట ముందే దిగాం" అని ఎనౌన్స్ చేస్తారు, జనం చప్పట్లు కొడతారు, అది గాలి పెట్టిన భిక్ష.

ఇంధనం ఎక్కువ పోసుకుని వేగంగా పోవచ్చు కదా అని ఒకాయన అడిగాడు మొన్న. బోయింగ్ 777-300ఈఆర్ విమానం ట్యాంకులు నిండితే ఒక లక్షా 81 వేల లీటర్లు, బరువు 145 టన్నులు. ఒక టన్ను అదనంగా పోస్తే అంత దూరంలో అందులో మూడో వంతు పైనే ఆ టన్నుని మోయడానికే కాలిపోతుంది. నా డ్యూటీలో ఒక జనవరి రాత్రి గుర్తుంది, ఏ ఎయిర్‌లైన్ అన్నది వదిలేయండి. సాయంత్రం అనుకున్న ఎదురుగాలి రాత్రి కొత్త చార్టులో గంటకి 40 కి.మీ. పెరిగింది. ముప్పావు గంట ఎక్కువ ఎగరాలి, అంటే దగ్గర దగ్గర ఆరు టన్నుల ఇంధనం. విమానం లేచే బరువుకి హద్దు ఉంది, అంతకి మించి ఒక్క కిలో పెట్టలేం. కార్గో అంతా దింపించాను, చాలలేదు, 70 పెట్టెలు దింపించాను. దిగినవాటిలో ఒక అట్టపెట్టె మీద "ఆవకాయ, తలకిందులు చేయకండి" అని తెలుగులో స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. ర్యాంప్ మీద సామాను దింపే కుర్రాడికి తెలుగు రాదు, నన్ను చదవమన్నాడు. మరుసటి రోజు విమానంలో నిలువుగానే పంపించాం కానీ, ఆ తల్లికి అమెరికాలో దిగి పెట్టె రాక ఎంత టెన్షన్ పడి ఉంటుందో. కాబట్టి బీపీ, షుగర్ మాత్రలు, డాక్టర్ చీటీ, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉంచుకోండి. పెట్టెలో వేయొద్దు.

టైముల గురించి మీరు ఇంకో చోట తికమక పడ్డారు. టికెట్ మీద దిగే టైము అక్కడి గడియారం ప్రకారం ఉంటుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే పన్నెండున్నర గంటలు వెనక, మిగతా నెలల్లో పదమూడున్నర. ఆగస్టులో ఢిల్లీలో తెల్లవారుజామున 4కి ఎక్కి 16 గంటలు ఎగిరితే మనకి రాత్రి 8, అక్కడ అదే తారీఖు ఉదయం 7:30. మీ ఇంట్లో వాళ్లు "మూడున్నర గంటల్లో అమెరికా వచ్చేసిందా" అంటారు చూడండి. వచ్చేటప్పుడు అక్కడ ఉదయం 10కి ఎక్కితే ఇక్కడ దిగేసరికి మర్నాడు మధ్యాహ్నం 2:30. పోయినప్పుడు మిగిలిన పూటని వచ్చేటప్పుడు వడ్డీ లేకుండా వసూలు చేస్తారు.

ఏది తీసుకోవాలి అంటే, మీ వయసుకి నేనైతే గంటా గంటన్నర తేడా పట్టించుకోను. ఎన్నిసార్లు మారాలి, ఎంత నడవాలి అనేది చూస్తాను. ఢిల్లీ దారిలో అంతర్జాతీయ విమానం మూడో టెర్మినల్‌లో ఉంటుంది, విశాఖ నుంచి పోయేది ఒకటో టెర్మినల్‌లోనో రెండులోనో దింపితే బస్సెక్కి మారాలి, ఇమిగ్రేషన్ క్యూ అక్కడే. అయిదున్నర గంటల గ్యాప్ అందుకే ఇచ్చారు, డిసెంబరు, జనవరిల్లో పొగమంచుకి అదీ చాలదు. నాకే అయింది. మా ఆవిడతో మా అబ్బాయి దగ్గరకి పోతూ నాలుగు వేలు మిగులుతాయని రెండు ముక్కలుగా టికెట్లు తీశాను, అదీ 27 ఏళ్లు ఈ పనే చేసినవాణ్ణి! విశాఖ విమానం మంచుకి మూడు గంటలు లేటు, అవతలది వెళ్లిపోయింది. రెండు టికెట్లు వేర్వేరు కాబట్టి మాకు సంబంధం లేదన్నారు, కొత్త టికెట్ మళ్లీ మొదట్నుంచీ కొనుక్కున్నాను. మా ఆవిడ ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా ఆ కథ చెప్తుంది.

సింగపూర్ దారిలో అయితే విశాఖలోనే ఇమిగ్రేషన్ అయిపోతుంది, క్యూ చిన్నది, అక్కడ దిగి లోపల్లోపలే ఇంకో గేటుకి పోవడం. ఆ విశాఖ విమానం రోజూ ఉందో లేదో మీ తారీఖులకి చూసుకోండి. కానీ తిరుగు ప్రయాణంలో 17 గంటలు ఒకే కుర్చీలో అంటే మోకాళ్ల నొప్పి ఉన్న మేడమ్ గారికి కష్టం. నడవా పక్క సీటు తీసుకోండి, రెండు గంటలకొకసారి లేచి వెనక వంటగది దాకా నడిచి రండి, కాళ్లలో రక్తం గడ్డకట్టే ఇబ్బంది రాకుండా. కాళ్ల వాపు ముందే ఉంటే బయల్దేరక ముందు డాక్టర్‌కి చూపించండి. వీల్‌చైర్ కావాలని టికెట్ బుక్ చేసేటప్పుడే అడగాలి, కౌంటర్ దగ్గర అడిగితే గంట నిలబెడతారు. అడగడానికి సిగ్గుపడకండి.

నా ఓటు పోయేటప్పుడు సింగపూర్‌కి, అదీ మొత్తం ఒకే టికెట్‌గా ఉంటేనే. విశాఖ–సింగపూర్ విడిగా, తర్వాతది విడిగా ఉంటే ఆ 22న్నర గంటల మాట మర్చిపోయి ఢిల్లీ తీసుకోండి. అమ్మాయిని టికెట్ ఫొటో మళ్లీ పంపమనండి, రెండు విమానాలకీ ఒకే పీఎన్‌ఆర్ ఉందా, పెట్టెలు చివరిదాకా పోతాయా అన్నది చూసి ఇక్కడే రాయండి. తారీఖు కూడా వేయండి, బయల్దేరే ముందు రోజు పసిఫిక్ మీద గాలి ఎలా ఉందో చూసి, ఎంత ముందు దిగుతారో చెప్తాను.